ఒత్తు మనిషి విన్న పియానో

చంద్రగిరిలో వెంకటముని ఇల్లెక్కడ అని అడిగి చూడండి, ఏ వెంకటముని అంటారు. ఒత్తు వెంకటముని అనండి, బస్టాండు దగ్గర టీ కాచే ఆయన కూడా గిన్నె దించి మరీ దారి చూపిస్తాడు. పేరుకు ముందు ఆ మాట చేరి నలభై ఏళ్ళయింది. గౌరవంతో చేరిందా అంటే, అబ్బే, అంత సీను లేదు. గుర్తు కోసం చేరింది, అంతే.

ఒత్తు అంటే ఏమిటో తెలియనివాళ్ళు ఈ కాలంలో ఎక్కువ కాబట్టి చెప్పుకోవాలి. పెళ్ళికో ఉత్సవానికో నాదస్వరం మేళం వస్తే మనందరి కళ్ళూ నాదస్వరం ఊదే ఆయన మీదే ఉంటాయి. ఆయన బుగ్గలు, ఆయన వేళ్ళు, మెడలో ఆయన పతకం. ఆ తర్వాత డోలు. ఆయన వెనకాల, కాస్త పక్కకు, దాదాపు అంతే పొడుగు గొట్టం పట్టుకొని ఇంకో మనిషి నిలబడి ఉంటాడు. ఆ గొట్టం మీద వేళ్ళు ఆడేది లేదు. దాంట్లోంచి వచ్చేది ఒకటే స్వరం. మేళం మొదలైన దగ్గర్నుంచి ముగిసేదాకా ఆ ఒక్క స్వరమే, ఎక్కడా తెగకుండా. ముక్కుతో గాలి పీలుస్తూనే బుగ్గల్లో దాచిన గాలిని ఊదుతూ ఉండాలి. ముందున్నాయన రాగం పట్టుకొని ఎన్ని ఊళ్ళు తిరిగినా చివరికి వచ్చి వాలేది ఆ స్వరం మీదే. వెంకటముని దాన్ని ఇల్లు అంటాడు.

ఆ ఇంటిని అతను ముప్పై నాలుగేళ్ళు మోశాడు. ముందు నిలబడి నాదస్వరం ఊదింది సొంత అన్న దేవరాజులు. ధనుర్మాసం చలిలో, మంచుకు కోట గోడలు కూడా కనబడని వేళ, ఇద్దరూ తడితలలతో గుడి ముందు నిలబడేవాళ్ళు. అన్న వేళ్ళు ఆడుతుంటే వెంకటముని కళ్ళు వాటంతటవే మూతపడేవి. ఎదురుగా ఏముందో, ఎవరున్నారో తెలిసేది కాదు. ఒక స్వరం, దాని చుట్టూ మంచు. ఆ సుఖం అతనికి తప్ప ఎవరికీ తెలియదు, అతను చెప్పనూ లేదు.

ఇంట్లో కూడా అదే వరస. అరుగు మీద ఊరికే కూర్చున్నా గొంతులో ఒక స్వరం సన్నగా సాగుతూ ఉండేది. కూతురు జాహ్నవిని ఉయ్యాల్లో వేసిన రోజుల్లో భార్య ఆనందమ్మ "ఒక జోల పాట పాడయ్యా, నీకు పుణ్యముంటాది" అని బతిమాలింది. అతను ఉయ్యాల పట్టుకొని ఆ ఒక్క స్వరమే అరగంట పట్టాడు. బిడ్డ నిద్రపోయింది, అది వేరే సంగతి. "మనిషినే కట్టుకున్నానో, తుమ్మెదనే కట్టుకున్నానో" అని ఆనందమ్మ వీధంతా చెప్పి నవ్వించింది. ముప్పై ఆరేళ్ళ కాపురంలో భర్త నోట ఒక్క పాట వినలేదామె.

ఆ తర్వాత శ్రుతిపెట్టె వచ్చింది. అరచేతిలో పట్టేంత డబ్బా, మీట నొక్కితే ఒత్తు మోగుతుంది. దేవరాజులు తిరుపతిలో కొనుక్కొచ్చి, ఒక కల్యాణ మండపంలో భోజనాల దగ్గర, పదిమంది ముందు దాన్ని మోగించి చూపించాడు. "దీనికి దగ్గు రాదు, సెలవడగదు" అన్నాడు. డోలు వాయించే ఆయన ఊరుకోక, "మరి వెంకటముని సంగీతం ఏమైపోవాల అన్నా?" అని అడిగాడు. దేవరాజులు ఆకులో రసం జుర్రుకుంటూ, "ఒత్తుకు సంగీతమెందుకప్పా! ఊపిరుంటే సాలు. ఇప్పుడు అదీ అక్కర్లేదు" అన్నాడు. పంక్తి పంక్తంతా నవ్వింది. వెంకటముని కూడా నవ్వాడు చూడండి, ఆ నవ్వే అతని కడుపులో ఉండిపోయింది. అన్న మాటకంటే తన నవ్వు ఎక్కువ బాధ పెట్టింది.

అప్పటినుంచి అతనికి ఒకటే కోరిక. ఎక్కడో ఒకచోట, ఏదో ఒక పాట గురించి, తన మాట నిలబడాలి. ఒత్తు మనిషికి కూడా సంగీతం తెలుసు అని ఒక్కరు ఒప్పుకోవాలి.

ఆ అవకాశం పక్కవీధి మునిశేఖర్ రూపంలో వచ్చింది. మునిశేఖర్ పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయిస్తాడు, మిగతా రోజుల్లో తిరుపతి బైరాగిపట్టెడలో ఒక మేడ మీది ఆఫీసుకు పోతాడు. అక్కడ పనేమిటయ్యా అంటే, పాటలు వినడం. నమ్మరు కదా, ఆనందమ్మ కూడా నమ్మలేదు. ఫోన్లలో పాటలు వినిపించే కంపెనీలకు లక్షల రికార్డింగులు ఉంటాయి. ఎవరో నిద్రపట్టే సంగీతం కావాలంటారు, ఇంకెవరో పరుగెత్తడానికి కావాలంటారు. ఏది ఏదో తెలియాలంటే ముందు ఎవరో ఒకరు విని మూడు గళ్ళు నింపాలి. వేగం ఎంత, శ్రుతి ఏది, భావం ఏమిటి. భావం గడి పక్కన అది ఎందుకు రాశారో ఒక ముక్క కూడా రాయాలి.

"మిషన్లు కూడా సేస్తాయి మామా, కానీ మనిషి సెవి కావాలంట. నీ సెవికి తగిన పని" అన్నాడు మునిశేఖర్.

ఆఫీసు చూసుకునేది స్టెల్లా. చిత్తూరు పిల్ల, అక్కడి చర్చిలో చిన్నప్పటినుంచి ఆర్గన్ వాయించింది. అరవై దాటిన మనిషి పంచె కట్టుకొని మెట్లెక్కి వస్తే మొదట్లో ఆమెకూ నవ్వొచ్చింది. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి ఒక పాట వినిపించింది. రెండు క్షణాలు కాలేదు, వెంకటముని "రెండున్నర కట్టై" అన్నాడు. మేళంవాళ్ళు శ్రుతిని కొలిచే లెక్క అది. అంటే ఇంగ్లీషు లెక్కలో ఏ అక్షరమో స్టెల్లా వేళ్ళ మీద లెక్కేసుకుంది. సరిపోయింది. ఇంకోటి, ఇంకోటి. పదీ సరిపోయాయి. ఆమె నవ్వడం మానేసి అతనికోసం ఒక అట్ట రాసి గోడకు అంటించింది. ఒకటి కట్టైకి సి, రెండుకు డి, ఐదుకు జి, అట్లా. శ్రుతి అతను చెప్తే చాలు, మేజరా మైనరా అనే పేచీ ఆమె తేలుస్తుంది.

వేగం సంగతి ఇంకా తమాషా. ఎదురుగా గోడగడియారం, బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద. నిమిషానికి ఇన్ని దెబ్బలని లెక్క తేల్చేస్తాడు. భావం దగ్గరే తిప్పలు. పన్నెండు మాటల పట్టీ ఇచ్చారు, ఉత్సాహం, ప్రశాంతం, విషాదం, బెంగ, ఇట్లా. శ్రుతికి రెండు క్షణాలు తీసుకునే మనిషి ఈ గడి దగ్గర కళ్ళు మూసుకొని ఎటో వెళ్ళిపోయేవాడు. మునిశేఖర్ భుజం తట్టి లేపేవాడు.

రెండు నెలలు పరీక్ష కాలం. చివరి వారంలో వంద రికార్డింగులు, మూడు తప్పుల దాకా ఫర్వాలేదు, నాలుగోది పడితే ఇంటికే. సాయంత్రం ఐదయ్యేలోపు ఎవరు రాసింది వాళ్ళు దిద్దుకోవచ్చు, ఐదు దాటితే రాసిందే ఖాయం. శుక్రవారానికి తొంభై తొమ్మిదయ్యాయి. సినిమా పాటల్లో డప్పుల జోరుకు వేగం రెండింతలు లెక్కేసి మూడు తప్పులూ ఖర్చు చేసుకున్నాడు. మిగిలింది ఒకటే రికార్డింగు, శనివారానికి. అది నిలబడితే వెంకటముని నిలబడ్డట్టు, లేదంటే అన్న మాటే నిజమైనట్టు.

శనివారం మధ్యాహ్నం వచ్చింది వందోది. పియానో. పైన పేరేమీ లేదు, ఇద్దరు వాయించింది అని మాత్రం ఉంది.

"ఇద్దరంటే రెండు పియానోలా?" అని అడిగాడు వెంకటముని.

"కొన్నిట్లో రెండుంటాయి మామా. ఇది మాత్రం ఒకటే పియానో, నాలుగు సేతులు" అని మునిశేఖర్ ఫోన్లో అట్లాంటి బొమ్మ ఒకటి చూపించాడు. పొడుగాటి బల్ల మీద ఇద్దరు ఆడవాళ్ళు భుజాలు రాసుకుంటూ కూర్చొని ఉన్నారు. కుడి పక్కామె చేతులు సన్న స్వరాల మీద, ఎడమ పక్కామె చేతులు బొంగురు స్వరాల మీద. వెంకటముని ఎడమ పక్కామెనే చూశాడు. ఆమె తల కొంచెం వంచి ఉంది.

"ఈయమ్మ ఒత్తు" అన్నాడు.

హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. కింద వీధిలో ఆటోల రొద ఒక్కసారిగా మాయమైంది. మొదట బొంగురు స్వరం ఒకటి, మెల్లగా, ఒక దెబ్బ, ఆగి మళ్ళీ అదే దెబ్బ. ఐదు కట్టై. ఎంత తేలిక! నవ్వొచ్చింది అతనికి. వేలి కణుపుల మీద లెక్కేస్తే నిమిషానికి యాభై నాలుగు, నిద్రలో ఉన్న మనిషి గుండె కొట్టుకున్నంత నిదానం. ఆ దెబ్బ మీదుగా కుడి పక్కామె చేతులు మొదలయ్యాయి. ఎక్కడినుంచో వచ్చి, తాకీ తాకకుండా వెళ్ళి, మళ్ళీ వచ్చి.

కళ్ళు మూతపడ్డాయి. మంచు వచ్చింది. తిరుపతిలో, ఏప్రిల్ ఎండలో, ఫ్యాను కింద, మంచు. కోట గోడలు కరిగిపోయాయి. ముందు అన్న వీపు, ఆ వీపు మీద తడి తువ్వాలు. అన్న వేళ్ళు ఆడుతున్నాయి, వెంకటముని నోట్లో ఒత్తు ఉంది, కానీ చేతులు మాత్రం పియానో మీద ఉన్నాయి. అది కలలో వింతగా అనిపించలేదు. గుడి తలుపులు తీసి ఉన్నాయి, లోపల దీపాలు కనబడుతున్నాయి. అందరూ లోపలికి పోతున్నారు. అన్న కూడా పోయాడు. తనకూ పోవాలని ఉంది. ఊదుతున్నవాడు ఎట్లా పోతాడు? ఆపితే అందరి కింద నేలా పోతుంది కదా. నిలబడే ఉన్నాడు.

కళ్ళు తెరిచేసరికి మూడు నిమిషాలే అయింది, రికార్డింగు మొత్తం తొమ్మిది నిమిషాలు. శ్రుతి తెలిసింది, వేగం తెలిసింది, భావమూ తెలిసింది. చివరిదాకా వినడం దేనికి? ఒత్తు ఎప్పుడన్నా మారుతుందా? అతను ఏ పాటనూ చివరిదాకా విన్న పాపాన పోలేదు. ఐదు కట్టై, యాభై నాలుగు, బెంగ అని రాసి, పక్కన ఎందుకు అన్నచోట ఒక ముక్క రాసి హెడ్‌ఫోన్ తీసి పెట్టాడు.

నాలుగు గంటలకు స్టెల్లా పిలిచింది. ఆమె ముఖం చూడగానే మునిశేఖర్ కుర్చీలో సర్దుకున్నాడు.

"పెద్దాయనా, దీన్ని వెనక్కి పంపిస్తా ఉండాను. ఏది తప్పో నేను సెప్పకూడదు. రెండు గళ్ళు ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటా ఉండాయి అని మాత్రం సెప్పచ్చు. ఐదు దాకా టైముండాది" అంది.

"యా గళ్ళు పాపా?"

"శ్రుతి, భావం."

వెంకటమునికి కోపం వచ్చింది. అతనికి కోపం రావడం ఆ ఆఫీసులో ఎవరూ చూడలేదు. "శ్రుతి తప్పంటావా? నా శ్రుతి? ముప్పై నాలుగేండ్లు ఊదినాను పాపా! ఆ కింది సెయ్యి మొదట్నుంచి అదే సోట నిలబడుండాది. నిలబడిందే ఇల్లు. అది కదిల్తే ఇంక మేళమే ల్యా."

"సరే పెద్దాయనా. ఈ పక్కన నువ్వే ఏం రాసినావో సదువు."

అతను కళ్ళద్దాలు సర్దుకొని చదివాడు. తన చేత్తో టైపు చేసిందే. 'కింది చేతికి ఇంటికి పోవాలని ఉంది.'

"ఇంట్లోనే ఉన్నోళ్ళకు ఇంటి మీద బెంగెట్ల వస్తాది?" అని అడిగింది స్టెల్లా, మెల్లగా.

వెంకటముని వెళ్ళి తన చోట కూర్చొని హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. ఈసారి కళ్ళు మూసుకోలేదు.

మూడో నిమిషం దాటింది. నాలుగు, ఐదు. కుడి పక్కామె చేతులు ఎక్కడెక్కడికో వెళ్ళి అలసిపోయి వచ్చి ఎడమ పక్కామె పక్కన ఆనుకుంటున్నాయి, మళ్ళీ పోతున్నాయి. ఎడమ పక్కామె మాత్రం అదే దెబ్బ. ఏడో నిమిషంలో కుడి పక్కామె చేతులు ఎత్తేసింది. బొంగురు స్వరం ఒక్కటే మిగిలింది. ఒక దెబ్బ. ఆగి, ఇంకో దెబ్బ. వెంకటమునికి భయం వేసింది. ఇంక ఆగిపోతుందేమో అనుకున్నాడు.

ఆగలేదు. కదిలింది.

పెద్ద ఆర్భాటమేమీ లేదు. ఐదు కట్టై మీదున్న చెయ్యి ఎత్తి, కిందికి, ఒకటి కట్టై మీద పెట్టింది, అంతే. కానీ వెంకటముని ఒంట్లో ప్రతి ఎముకకూ తెలిసింది, ఇది ఇల్లు అని. ఇంతసేపూ నిలబడింది ఇల్లు కాదు, గడప. ఆమె గడప మీద నిలబడి అందర్నీ లోపలికి పంపింది, ఇప్పుడు తనూ పోయింది. తలుపు దగ్గర ఎవరూ ఆమెను ఆపలేదు. ఆమె పోతే పాట పడిపోలేదు. అప్పుడే పాట పూర్తయింది.

ఒత్తు కదలదనే ఒక్క నమ్మకంతో, కింద ఎక్కువసేపు మోగిందే ఆధార శ్రుతి అని రాసేశాడు. అది మన మేళాల్లో నిజం, ఆ పియానోలో కాదు. ఆ సంగతి అతని తలకు తెలియలేదు గానీ మనసుకు మూడో నిమిషంలోనే తెలిసింది. అందుకే బెంగ అని రాశాడు. తన బెంగనే రాశాడు. ముప్పై నాలుగేళ్ళు అందరూ తన మీద వాలారు, నువ్వెక్కడ వాలతావురా అని ఒక్కరు అడగలేదు, అతనూ అడుక్కోలేదు. హెడ్‌ఫోన్ అట్లాగే పెట్టుకొని ఏడ్చాడు. సిగ్గుపడకుండా, పై పంచెతో తుడుచుకుంటూ ఏడ్చాడు. మునిశేఖర్ కుర్చీ అటు తిప్పుకొని కంప్యూటర్లో ఏదో వెతుకుతున్నట్టు నటించాడు.

ఐదుకు పది నిమిషాలుందనగా ఐదు తీసేసి ఒకటి అని కొట్టాడు. భావం గడి దగ్గర వేలు ఆగింది.

"స్టెల్లమ్మా, ఇల్లు చేరినాది కదా, బెంగ మార్సాల్నా?"

"దాన్ని తాకొద్దు పెద్దాయనా," అంది స్టెల్లా. "తొమ్మిది నిమిషాల్లో ఏడు నిమిషాలు అదే కదా. దిద్దేవాళ్ళం మేం ముగ్గురం విన్నాం. ఇద్దరం విషాదం అని రాసినాం. నువ్వు రాసింది సూసి మాదే మార్సుకున్నాం."

వెంకటముని ఆ మాటను ఇంకోసారి చెప్పించుకున్నాడు. మార్చుకున్నారా? మార్చుకున్నాం. మీరా, నాది చూసా? అవును పెద్దాయనా, నీది చూసే. మూడోసారి కూడా అడిగేవాడే, మునిశేఖర్ "ఇంక బస్సు పోతాది మామా" అని లేపాడు.

చంద్రగిరిలో దిగేసరికి ఎండ పచ్చబడింది. ఆనందమ్మ వాకిట్లో గోనె పరుచుకొని చింతపండులో గింజలు తీస్తోంది. చేతులు నల్లగా, జిగటగా ఉన్నాయి. పని ఉన్నట్టా లేనట్టా అని ఆమె అడగలేదు, ముఖం చూసి ఉన్నట్టే అనుకుంది. అతను చెప్పులు విప్పి అరుగు మీద కూర్చున్నాడు.

కాసేపటికి గొంతులో ఎప్పటిలాగే స్వరం మొదలైంది. ఒకటే స్వరం, సన్నగా, తెగకుండా. ఆనందమ్మ తల ఎత్తలేదు. ఆ స్వరం ఆమెకు ఇంట్లో గోడంత అలవాటు. ఒక గింజ తీసి పడేసింది, ఇంకోటి తీసింది.

స్వరం మెల్లగా జారింది. కిందికి, ఇంకా కిందికి, తడబడుతూ, దారి తెలియని మనిషి నడకతో వెళ్ళి ఒకచోట ఆగింది. అక్కడ కుదురుకుంది.

ఆనందమ్మ చేతిలో గింజ చేతిలోనే ఉండిపోయింది. తలెత్తి భర్తను చూసింది.

"ఏమయ్యా," అంది, "పాడతా ఉండావా?"

వెంకటముని తలాడించాడు. కళ్ళు నిండుగా ఉన్నాయి, నవ్వుతున్నాడు.

ఆమె గోనె పక్కకు తోసి, చింతపండు చేతుల్తోనే వచ్చి అరుగు మీద అతనికి ఎడమ పక్కన కూర్చుంది.

"ఇంగోసారి పాడు" అంది.